సాసు సీసాల్లో అల్లం బీరు

ప్రతిరోజూ పొద్దున కాఫీకి నీళ్ళు పెట్టకముందే దయామణి వంటింటి అలమరలోంచి ఒక గాజు జాడీ దించుతుంది. మూతికి కట్టిన పలచటి గుడ్డ విప్పి, ఒక చెంచా తురిమిన అల్లం, ఒక చెంచా చక్కెర వేసి, చెక్క గరిటెతో నాలుగు తిప్పులు తిప్పుతుంది. తర్వాత జాడీని చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపల సన్నగా చిటచిటమని వినిపిస్తే, వార్డులో రోగి నాడి చూసి తృప్తిపడినట్టు తల ఊపి, మళ్ళీ గుడ్డ కట్టి లోపల పెట్టేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. ఆ జాడీకి మేత ఎవరు వేస్తారన్న బెంగతో ఆమె ఎవరింట్లోనూ రెండు రోజులకు మించి నిలవదు.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాంపౌండు వెనక వీధిలో ఆమె ఇల్లు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కూతురు బీనా ఐదేళ్ళప్పుడు ఇక్కడి బడిలో చదవడానికి వచ్చి, అత్త దగ్గరే పెరిగి, ఉద్యోగం కూడా ఇక్కడే వెతుక్కుంది. జాడీ మాత్రం బీనాకంటే ముందే వచ్చింది. పాత మేట్రన్ రిటైరై కేరళకు పోతూ, తన గొడుగూ, మూతలు బిగించే చిన్న మిషనూ, ఈ జాడీ దయామణి చేతిలో పెట్టి వెళ్ళింది.

ఆ జాడీలోది అల్లం ఊట. దాన్ని వడగట్టి, అల్లం వేసి మరిగించి చల్లార్చిన చక్కెర నీళ్ళలో కలిపి, నిమ్మకాయలు పిండి, సీసాల్లో పోసి రేకు మూతలు బిగిస్తే, లోపల తనంతట తానే గ్యాసు పుడుతుంది. మేట్రన్ దాన్ని జింజర్ బీరు అనేది. కాంపౌండులో అది అల్లం బీరు అయింది. రెండు రోజుల్లో తాగేసే ఆ నీళ్ళలో మత్తు ఎక్కేంత ఏమీ ఉండదని కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరుకూ దయామణి ఒకసారి చెప్పాలి. చెప్పాక ఆయన ఒక గ్లాసు తాగాలి. రెండో వారం నుంచి అడిగి తాగేవాడు.

సీసాలు మాత్రం నిజంగా బీరువే. పాత సామాన్ల అంగడి నుంచి తెప్పించి, లేబుళ్ళు నానబెట్టి గీకి, మరిగే నీళ్ళలో వేసి తీసేది. గ్యాసును అదిమి పట్టే మందం ఆ సీసాలకే ఉంటుంది. ఒక్కొక్క సీసాలో ఒకే ఒక్క ఎండుద్రాక్ష. అది మొదట అడుగున పడుకుంటుంది. గ్యాసు పుట్టేకొద్దీ ఉబ్బి రెండో రోజుకు పైకి తేలుతుంది. తేలిందంటే తయారైనట్టే. వెంటనే చల్లగా పెట్టాలి, లేదా తాగేయాలి. దయామణికి ఇంతకుమించి గడియారం అక్కర్లేదు.

పెళ్ళి సీసాలకు ఒక పద్ధతి ఉంది. వాటిలో ద్రాక్షలు దయామణి వేయదు. సంఘంలోని స్త్రీల సమాజం వాళ్ళు వచ్చి, ఒక పాట పాడి, తలా ఐదు సీసాలు పంచుకుని, సీసాకు ఒకటి చొప్పున ద్రాక్ష వేస్తూ పెళ్ళికూతురి పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. పన్నెండుమంది వస్తారు. అరవై సీసాలు అయిపోతాయి. కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఎన్నో పెళ్ళిళ్ళు అలా జరిగాయి, ఒక్క సీసా పగిలింది లేదు.

బీనాకు కుప్పం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు సాగర్ అక్కడ మందుల షాపు నడుపుతాడు. వాళ్ళ నాన్న సంఘపెద్ద. ఈస్టరు అయిన రెండో వారం శనివారం, కుప్పంలోనే పెళ్ళి అనుకున్నారు. చీర ఏం కావాలి, కేకు ఎంత పెద్దది కావాలి అని అందరూ అడిగినప్పుడు బీనా దేనికీ పట్టుపట్టలేదు. ఒక్కటే అడిగింది. "ఉంగరాలు మార్చినాక అందరూ గ్లాసెత్తి తాగేది నువ్వు చేసిందే ఉండాల అత్తా. బాటిల్ కూల్‌డ్రింకు పెడితే నేను తాగను." కాంపౌండులో ఎవరి పెళ్ళి జరిగినా ఆ సీసాల చుట్టూ తిరిగిన పిల్ల. తన పెళ్ళికి ఇంకేం అడుగుతుంది? దయామణి సరేనంది. అప్పటినుంచి ఆమెకు ఆ పెళ్ళిలో ఉన్న పని ఇదొక్కటే అనిపించింది.

మొదటి చిక్కు కుప్పం నుంచి ఫోనులో వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి ఎస్తేరమ్మ మంచి మనిషే, కాని నలుగురి చూపుకు భయపడే మనిషి. అల్లం నీళ్ళకు తనకేం అభ్యంతరం లేదని, ఆ సీసాలే కొంచెం ఇబ్బందని నసిగింది. సంఘపెద్ద ఇంటి పెళ్ళిలో టేబుళ్ళ మీద వరసగా బీరు సీసాలుంటే ఫొటోల్లో ఎలా ఉంటుందో ఆలోచించమంది. దయామణికి చెప్పుకోలేని సిగ్గు వేసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరూ ఆమె ముఖాన అనలేదు.

ఆ సిగ్గును సత్యానందం పట్టుకున్నాడు. సత్యానందం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవాడు. రిటైరయ్యాక పక్కింట్లో ఉంటూ, ఆదివారం చర్చిలో ప్రకటనలు చదువుతూ, మిగిలిన ఆరు రోజులూ దయామణికి సాయం చేస్తుంటాడు. ఆ సాయం నుంచి తప్పించుకోవడం ఆమెకు రిటైరైన తర్వాత ఉద్యోగమైంది. మూతపడిన ఒక టమాటా సాసు కంపెనీ గోడౌన్లో వాడని సీసాలు మూలుగుతున్నాయని, తెల్లగా, ముద్దుగా, అదే రేకు మూత పట్టేలా ఉన్నాయని చెప్పి, మర్నాటికల్లా అరవై సీసాలు వాకిట్లో దించాడు. దయామణి ఒకదాన్ని గోటితో కొట్టి చూసింది. పలచగా మోగింది. అది ఆమెకు తెలిసింది. తెలిసి కూడా ఎస్తేరమ్మ మాట గుర్తొచ్చి, రెండు రోజులే కదా అనుకుని, నీళ్ళు కాచింది.

రెండో చిక్కూ సత్యానందం చలవే. ఆదివారం ఆరాధన అయ్యాక, మన బీనా పెళ్ళి సీసాల ప్రార్థన బుధవారం సాయంత్రమని, దీవించాలనుకున్న వాళ్ళందరూ రావచ్చని ప్రకటన చదివేశాడు. పన్నెండుమంది రావలసిన చోటికి నలభైమందికి పైగా వచ్చారు. పాట అయ్యేసరికి ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఒక ముసలామె ద్రాక్షల గిన్నె అందుకుని మొదటి సీసాలో ఒకటి వేసింది. రెండో దాంట్లో వేసింది. మూడో దాంట్లో వేసింది. ఐదు దాటినా ఆగలేదు. చాలమ్మా అని దయామణి అనబోతే, ముసలామె నిదానంగా ఇటు తిరిగింది.

"ఒక సీసాకు ఏసి ఇంకొక సీసాకు యాల ఇడిసిపెట్టాల? ఆ సీసా తాగేవోళ్ళకు దీవెన వొద్దా? చిన్నప్పుడు బీనాను ఎత్తుకున్న చేతులమ్మా ఇవి."

ఆ మాటతో అందరికీ అదే న్యాయంగా తోచింది. ఎవరికి వాళ్ళు సీసాల వరస వెంట నడవడం మొదలుపెట్టారు. చాలామంది నాలుగైదు సీసాలకే అలిసిపోయారు, పదిమంది దాకా అరవై పూర్తిచేశారు. దయామణి గోడకానుకుని నిలబడింది. మందు చీటీలో తప్పుంటే డాక్టరును వెనక్కి పిలిచి దిద్దించిన మనిషి. ప్రార్థన చేస్తున్న నలభైమంది ఆడవాళ్ళను మాత్రం ఆపలేకపోయింది. అందరూ వెళ్ళాక ఒక సీసాను దీపానికి ఎత్తిపట్టి లెక్కపెట్టింది. పదకొండు. తీయడానికి సన్న మూతిలో చెంచా పట్టదు. ఒంపి వడగడదామంటే, ప్రార్థన చేసి వేసిన ద్రాక్షలను పారేయడానికి మనసు రాలేదు. ఒంపేసి మళ్ళీ చేయడానికి జాడీలో ఊట లేదు. ద్రాక్షకున్న తీపీ, దాని తోలుకున్న పులిసే గుణమూ కలిస్తే ఎంత గ్యాసు పుడుతుందో ఆమెకు తెలియదని కాదు. మూతలు బిగించింది.

గురువారం మధ్యాహ్నానికే ద్రాక్షలన్నీ పైకొచ్చి మెడల దగ్గర గుంపుకట్టాయి. బీనా ఆ పొద్దునే తల్లిదండ్రులతో కుప్పం వెళ్ళింది. అరవై సీసాలు పట్టే ఫ్రిజ్జు ఆ వీధిలో ఎవరికీ లేదు. దయామణి తడిగోనె సంచులు కప్పి, నీళ్ళు చల్లుతూ కూర్చుంది. శుక్రవారం పొద్దున ఏడింటికి సత్యానందం ఓమ్నీ వ్యాను వచ్చింది. మూడు టమాటా క్రేట్లలో ఇరవయ్యేసి సీసాలు, మీద గోనెలు, వాటి మీద పాత ఆసుపత్రి దుప్పటి. రేకు మూతలు ఉబ్బి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. సత్యానందం ఒకదాన్ని వేలితో నొక్కి, భలే గట్టిగా పట్టుకుందని మెచ్చుకున్నాడు. చెయ్యి తీయమని ఆమె అరిచింది.

పుంగనూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వెనక ఢామ్మంది. సత్యానందం టైరు పోయిందనుకుని వ్యాను పక్కకు తీసి, దిగి నాలుగు చక్రాలూ తన్ని చూశాడు. నాలుగూ బాగున్నాయి. అప్పటికి దయామణి వెనక సీటు మీద నుంచి కారుతున్న అల్లం నీళ్ళు చూస్తోంది. దుప్పటి లేపితే ఏమవుతుందో తెలుసు కనక లేపలేదు.

"ఒకటే కదా సిస్టర్," అన్నాడు సత్యానందం. "యాభై తొమ్మిది ఉండాయి. నిదానంగా పోదాం. ఇంక రెండు గంటల దావే. దేవుడు సూసుకుంటాడు."

"దేవుడు సూసుకుంటాడు. పెండ్లిలో టేబుళ్ళ కింద ఆడుకునే పిలకాయలు సూసుకోరు," అంది దయామణి. "క్యాజువాల్టీలో సోడా సీసా పగిలి కన్ను పోయిన పిల్లోణ్ణి ఈ చేతులతో ఎత్తినాను నేను. నువ్వు ఎక్స్‌రే తీసినావు, మర్సిపోయినావా?"

సత్యానందం మరచిపోలేదు. ఎక్కి, ఎడ్లబండి నడిపినంత మెల్లగా వ్యాను నడిపాడు. పుంగనూరు ఊళ్ళోకి రాగానే రెండోది పేలింది. బస్టాండు జనంలోకి పోవద్దని, ఎక్కడైనా ఖాళీ జాగాలో ఆపమని ఆమె అంటుండగానే, రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు నీలం రంగు సోడా క్రేట్లు కనిపించాయి. ఆపమంది.

ఆ షెడ్డు గోవిందప్పది. నాన్న కాలం నుంచి గోలీ సోడా కడతాడు. అరవై దాటిన మనిషి, ఎడమచెయ్యి చూపుడువేలు సగమే ఉంటుంది. మూడో సీసా ఆయన చూస్తుండగానే పేలడంతో, విషయమేమిటో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, దుప్పటి కిందకు వంగి చూసి, అందులో ఏం పోశారని అడిగాడు. అల్లం, చక్కెర, నిమ్మకాయ, ఎండుద్రాక్ష అని దయామణి వరసగా చెప్పింది. గ్యాసు ఏ మిషనుతో పట్టించారని అడిగాడు. మిషను లేదంది. ఎవరూ పట్టించలేదంది. ద్రాక్షలు పదకొండు అని కూడా చెప్పింది, ఆసుపత్రిలో రోగి వివరాలు దాచకూడదన్న అలవాటు కొద్దీ.

గోవిందప్ప దుప్పటి అంచు వదిలి ఆమె వైపు తిరిగాడు.

"నలపై ఏండ్లుగా సిలిండరు మోసి, మిషను తిప్పి, రెక్కలు పడిపోతాండాయి నాకు. నువ్వేందమ్మా, గుప్పెడు ద్రాచ్చతో గ్యాసు పట్టిస్తివి. అదీ సాసు సీసాలకు. ఎవురిదమ్మా ఈ తెలివి?"

దయామణి సత్యానందం వైపు చూసింది. సత్యానందం సోడా క్రేట్ల వైపు చూశాడు. అయితే అప్పుడు ఆమె నోటివెంట వచ్చింది మాత్రం, "నాదే" అన్న మాట. గోటితో కొట్టి చూసి కూడా ఆ సీసాల్లో పోసింది తనే కదా.

గోవిందప్ప ఇక ఎగతాళి చేయలేదు. వెచ్చగా ఉన్నంతసేపు సీసాను ముట్టవద్దని, ముందు ఐసులో ముంచాలని, చల్లబడితే గ్యాసు నీళ్ళలోకి దిగి అణిగి ఉంటుందని చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీ నుంచి నాలుగు గడ్డలు తెప్పించి, మీది రంపపు పొట్టు దులిపి, సోడా సీసాలు కడిగే సిమెంటు తొట్టిలో పగలగొట్టి వేశాడు. నాన్న వాడిన ముఖానికి కట్టుకునే ఇనుప వల అటక మీద నుంచి దించాడు. అది తుప్పుపట్టి ఉంది. చేతులకు చుట్టుకోవడానికి గోనె పట్టీలిచ్చాడు. తను కట్టుకుంటానన్నాడు. నా సీసాలు నేనే తీస్తానని దయామణి వల లాక్కుని కట్టుకుంది. తెల్ల చీర, ముఖానికి వల, మోచేతుల దాకా గోనె. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. సోడా తాగడానికి వచ్చినవాళ్ళు తాగడం మానేసి దూరంగా నిలబడ్డారు.

తొట్టిలో పెడుతుండగా ఇంకో రెండు పేలాయి. గోనె కిందే పేలడంతో గాజు ఎటూ ఎగరలేదు. మిగిలినవాటిని గంటన్నరసేపు ఐసులో వదిలేశారు. ఆ గంటన్నరలో బీనా మూడుసార్లు ఫోను చేసింది. మొదటిసారి యాడుండారని అడిగితే, పుంగనూరులో టీ తాగుతున్నామంది దయామణి. రెండోసారీ టీ అనే చెప్పింది. మూడోసారి బీనా నమ్మలేదు.

"ఇంకా టీనేనా అత్తా? నిజం సెప్పు. సీసాలకు ఏమన్నా అయిందా?"

"ఐదు పగిలినాయి. మిగతావి ఎట్లొస్తాయో తెలీదు. గాజు సీసాలైతే ఒక్కటి కూడా నీ పెండ్లికి తీసకరాను బీనా."

అవతల పెళ్ళింటి సందడి వినిపిస్తోంది. ఎవరో మెహందీ గురించి కేకేస్తున్నారు. బీనా, ఒక్కటి కూడా రాదా అని చిన్న గొంతుతో అడిగింది. ఐదేళ్ళప్పుడు హాస్టలుకు పోను, నీ దగ్గరే ఉంటానని అడిగిన గొంతు అది. సీసాలు రావు, లోపలున్నది తెస్తానని దయామణి చెప్పేసింది. ఎలా తెస్తుందో అప్పటికి ఆమెకు తెలియదు.

తొట్టి దగ్గర పని మొదలైంది. సీసాను తడిగోనెలో చుట్టి, మోకాళ్ళ మధ్య పట్టుకుని, ఓపెనరుతో మూత అంచును నూలుపోగంత లేపడం. బుస్సుమంటే ఆగడం. నురగ మెడ దాకా వస్తే మళ్ళీ అదమడం. నిలబడ్డాక మళ్ళీ నూలుపోగంత. ఒక్కొక్క సీసాకు నాలుగైదుసార్లు ఇలా లేపి అదిమితే గానీ మూత ఊడబెరికే ధైర్యం రాదు. ఊడబెరికాక పాత చీర గుడ్డలోంచి వడగట్టాలి. గోవిందప్ప భార్య ఆదెమ్మ ఇంటి వెనక రెండు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోస్తుంది. ఇరవై లీటర్ల స్టీలు పాలక్యాను ఒకటి మరిగే నీళ్ళతో కడిగి తెచ్చి ముందు పెట్టింది. పాల వాసన తగిలితే ఏంగాదు కదమ్మా అని అడిగింది. ఇవాళ ఏం తగిలినా ఏంగాదంది దయామణి.

పది సీసాలు అయ్యేసరికి సత్యానందానికి తను ఖాళీగా ఉండటం బాగనిపించలేదు. ఈ మాత్రం పని తనకూ వచ్చునని, ఎక్స్‌రే ఫిల్ము పెట్టెలు విప్పిన చెయ్యి అని, వద్దంటున్నా ఒక సీసా తీసి టవలు కప్పి ఒక్క లాగు లాగాడు. మూత రేకుల కప్పుకు తగిలి టంగుమంది. వెనకే నీళ్ళన్నీ లేచి కప్పుకు కొట్టి కిందికి దిగాయి. కళ్ళద్దాల ఎడమ గాజుకు ఒక ఎండుద్రాక్ష అతుక్కుంది. చూస్తున్నవాళ్ళు నవ్వారు. ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయామణికి నవ్వు రాలేదు.

"సత్యానందం, నీకు దండం పెడతా. ఆ బెంచీ మీద కూసో. నువ్వు సాయం సేసినప్పుడల్లా నా పని రెండింతలు అయితాండాది. ఈ పెండ్లి కుదిరినప్పటి నుంచి సూస్తాండాను."

సత్యానందం కళ్ళద్దాలు తుడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి చాలా చిన్నగా, ఎక్కువమంది దీవిస్తే పిల్లకు మంచిదనుకున్నానని అన్నాడు. ఆమె అతని వైపు చూస్తూనే తర్వాతి సీసా అందుకుంది. మూత నూలుపోగు కంటే ఎక్కువ లేచింది. మెడ విరిగి, గోనె పట్టీ దాటి ఎడమ బొటనవేలి మొదట్లో గాజు దిగింది. తనే లాగి, సోడా నీళ్ళతో కడిగి, గుడ్డ బిగించి కట్టుకుని, ఆగకుండా మిగిలినవి తీసింది. అప్పటికి సత్యానందం పక్కన కూర్చుని వడగట్టే గుడ్డ పట్టుకుని ఉన్నాడు. ఆమె వద్దనలేదు.

రెండున్నరకు అంతా అయింది. అరవైలో ఆరు పగిలిపోయాయి. మిగిలినవాటిలో సగం నురగై నేలకు పోయింది. వడగట్టిన ద్రాక్షలు బకెట్టులో పోగుపడితే ఆదెమ్మ ఆవుకు పెట్టింది, అది బకెట్టు అడుగు నాకింది. పాలక్యాను మాత్రం ముప్పావు నిండింది. దయామణి గరిటెతో కొంచెం తీసుకుని నోట్లో పోసుకుంది. అల్లం ఘాటు ఉంది, తీపి ఉంది, పులుపు ఉంది. గ్యాసు లేదు. ఇన్నాళ్ళూ ఏది సరిగ్గా పుట్టిందని రోజూ చెవి పెట్టి విన్నదో, అదంతా గోవిందప్ప రేకుల షెడ్డులో కలిసిపోయింది. మిగిలింది చల్లారిన కషాయం. మూడువందలమంది గ్లాసెత్తి తాగాల్సింది ఇదా? ఆమె క్యాను పక్కన మెట్టు మీద కూలబడింది. 

గోవిందప్ప కూడా గరిటె పట్టుకుని తాగాడు. మళ్ళీ తాగాడు. లోపలికి పోయి ఒక గోలీ సోడా తెచ్చి, గోలీ నొక్కి, గ్లాసులో సగం అల్లం నీళ్ళు, సగం సోడా పోసి ఆమె ముందు పెట్టాడు. నురగ గ్లాసు అంచు దాకా లేచి నిలబడింది.

"నీది నీళ్ళుగా ఉండాది, నాది ఉత్త గ్యాసు. రెండూ కలిపితే పెండ్లికి సాలదా అమ్మా? నా సీసాలు పేలవులే. గ్యాసు పట్టేదానికే పుట్టినాయి అవి."

దయామణికి ఒళ్ళు మండింది. ఇరవై నాలుగేళ్ళు చెంచా చెంచా వేసి పెంచిన ఊట, చివరికి కొన్న సోడాలో కలపాలా? ఆ మాటే అనబోయింది. కాని వేలి నుంచి గుడ్డ మీదికి నెత్తురు ఊరుతోంది. ఫోనులో బీనా గొంతు ఇంకా చెవిలో ఉంది. గ్లాసు తీసుకుని తాగింది. బాగుంది. తను చేసినట్టు లేదు, బాగుంది. అదే ఇంకా చిరాకు తెప్పించింది. ఎనభై సోడాలు ఎక్కించమంది. ఖాళీ సీసాలు ఒక్కటి తగ్గినా ఒప్పుకోనని, గోలీలు దొరకడం లేదని గోవిందప్ప సత్యానందానికి నాలుగుసార్లు చెప్పి పంపాడు.

శనివారం కుప్పంలో ఉంగరాలు మార్చి, ప్రార్థన అయ్యాక, వడ్డించేవాళ్ళు పాలక్యాను పక్కన సోడాలు పెట్టుకుని గ్లాసులు నింపారు. టేబుళ్ళ మీద ఒక్క బీరు సీసా లేదు. ఫొటోలు శుభ్రంగా వచ్చాయి. సత్యానందం హాల్లో ప్రతి వరసకూ వెళ్ళి, పేలుతున్న సీసాలతో తను వ్యాను ఎలా నడిపాడో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ పేలిన సీసాలు ఒకటి పెరిగింది. సంఘపెద్ద రెండో గ్లాసు అడిగి తాగాడు. ఎస్తేరమ్మ గ్లాసు పట్టుకుని దయామణి దగ్గరకు వచ్చి కూర్చుంది.

"వొదినా, ఈ సోడా ఎవురిది? భలే ఉండాది."

దయామణి కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో దాచుకుని, పుంగనూరులో గోవిందప్ప అని తెలిసినాయన కడతాడని చెప్పింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా ఏడుపు వస్తుందో తిట్టు వస్తుందో ఆమెకు నమ్మకం లేదు.

బీనా ముసుగు వెనక్కి తోసుకుని, సాగర్‌ను వదిలేసి, నేరుగా అత్త దగ్గరకు వచ్చింది. గ్లాసెత్తి ఒక గుక్క తాగి, నాలుక మీద నిలిపి, మింగింది. ఎప్పటి మాదిరి లేదు అంది. దయామణి లేదని ఒప్పుకుంది. బీనా అత్త ఒళ్ళోని చెయ్యి లాగి కట్టు చూసింది. ఇది టీ తాగేటప్పుడు తెగిందా అని అడిగింది. తర్వాత గ్లాసు మొత్తం తాగి, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యి అత్తా. సోడా తక్కువెయ్యి."

దయామణి లేచి, తనే గరిటె పట్టుకుని పోసింది.

పెళ్ళయి రెండేళ్ళు దాటింది. దయామణి ఇప్పుడు సీసాల్లో ఏదీ బిగించదు. నెలకు రెండు మంగళవారాలు పొద్దున బస్సులో పుంగనూరు వెళ్ళి, స్టీలు క్యానులో తెచ్చిన అల్లం నీళ్ళు సోడాలో కలిపి అమ్మేందుకు గోవిందప్ప అంగట్లో దించి, ఆదెమ్మ దగ్గర అన్నం తిని, మూడు గంటల బస్సుకు మదనపల్లె తిరిగి వస్తుంది.